ఆ రౌటర్ జోలికి వెళ్ళవద్దన్నాను

పులి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

పులిని నేనే. ఐదేళ్ళ మనవరాలికి వీడియో కాల్‌లో కథ చెబుతున్నాను. ఇంగ్లండులోని లీడ్స్‌లో వాళ్ళకు సాయంత్రం నాలుగున్నర, హైదరాబాద్ విద్యానగర్‌లో నాకు రాత్రి పది. కళ్ళు పెద్దవి చేసి, రెండు చేతులూ పంజాల్లా ఎత్తి గాండ్రించిన క్షణాన తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. అవతల పిల్ల ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయింది. ఆరు నిమిషాల తర్వాత లైను మళ్ళీ కలిసినప్పుడు అది అడిగింది ఒక్కటే ప్రశ్న: "నానమ్మా, పులి తినేసిందా, లేదా?"

నవంబరు మొదటి వారం నుంచి ఇదే వరస. పగలు ఫోను చేస్తే బాగానే ఉండేది. అక్కడ చీకటి పడిందంటే మొదలు. బొమ్మ ఆగడం, గొంతు బావిలోంచి వచ్చినట్టు రావడం, చివరికి మొత్తం తెగిపోవడం. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఆపి మళ్ళీ పెట్టడం. "ఒక్క నిమిషం అమ్మా, రౌటర్ ఆపి వేసి వస్తాను" అని లేచేవాడు. ఒక్కో సాయంత్రం మూడుసార్లు లేచిన రోజులు కూడా ఉన్నాయి. మూడు వారాలు గడిచేసరికి తెగిపోవడం కాస్త తగ్గింది కానీ వేగం పడిపోయింది. ఇల్లు మారినప్పుడు 44 మెగాబిట్లు వచ్చే లైను 36 అయింది, తర్వాత 28 అయింది. కోడలు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల మర్యాదస్తురాలు కనుక నాతో "కొంచెం ఇబ్బందిగా ఉంది అత్తయ్యా" అని మాత్రమే అంది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో పనిచేసి 2020లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నదాన్ని. మెగ్గర్ తిప్పి కేబుల్ ఇన్సులేషన్ చూశాను, వానాకాలంలో జాయింట్లు విప్పించి ఆరబెట్టించాను, ఆరేళ్ళు బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదుల విభాగంలో కూర్చున్నాను. ఇంట్లో మాత్రం నాకు ఫోనులో కొత్త యాప్ వేసుకోవడం రాదని అందరికీ గట్టి నమ్మకం. అందుకని మూడు వారాల దాకా ఎవరూ నన్ను అడగలేదు. నాకూ పౌరుషం, అడిగే దాకా చెప్పలేదు.

చివరికి ఒక ఆదివారం నేనే అన్నాను: "ఆ రౌటర్‌లోని మోడెమ్‌కు లైను వివరాల పేజీ ఉంటుంది. ఫొటో తీసి పంపు."

వాడు పంపాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాను. రెండు అంకెల దగ్గర చూపు ఆగిపోయింది. వేగం 28. నాయిస్ మార్జిన్ 13 డెసిబెల్లు.

ఆ రెండు అంకెలూ ఒక ఇంట్లో కాపురం చేయవలసినవి కావు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వాళ్ళ వీధి చివర ఉండే పెట్టె దాకా గాజు తీగ, అంటే ఫైబర్, వస్తుంది. అక్కడి నుంచి ఇంటి దాకా సుమారు ఏడు వందల మీటర్లు పాత టెలిఫోన్ రాగి జంట. బ్రిటన్‌లో ఇప్పటికీ ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ జంట మీద డేటాను ఒకే ప్రవాహంగా పంపరు, సన్నని పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయ వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్. రాగి మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్‌లో రకాలున్నాయి: మన దగ్గర నడిచిన ఏడీఎస్‌ఎల్‌లో 256 పాయలు, ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్‌లో 512, వాళ్ళ వీడీఎస్‌ఎల్‌లో వేలల్లో ఉంటాయి. ప్రతి పాయ మీదా సెకనుకు నాలుగు వేల సార్లు కొన్ని బిట్లు ఎక్కిస్తారు. నిశ్శబ్దంగా ఉన్న పాయకు పదిహేను బిట్ల దాకా, గోల ఉన్నదానికి రెండో మూడో, మరీ గోలగా ఉంటే దాన్ని ఖాళీగా వదిలేస్తారు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ సియోఫీ ముందుండి నడిపించిన పద్ధతి ఇది. 1993లో అమెరికాలో పోటీ పరీక్షలు పెట్టి దీన్నే మేలైనదిగా తేల్చారు.

ఎక్స్‌చేంజి తెర మీద ఈ పాయల పటం చూడడం నాకు మహా ఇష్టంగా ఉండేది. హైదరాబాద్ లైన్లలో 171వ పాయ దగ్గర ఒక గొయ్యి కనిపించేది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు "మేడం, ఇక్కడ కేబుల్ చెడిపోయిందా?" అని అడిగేవారు. కేబుల్ చెడలేదు నాయనా, అక్కడ ఆకాశవాణి పాడుతోంది. హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. 738ని 4.3125తో భాగించి చూసుకోండి. స్తంభం నుంచి ఇంటికి వేలాడే తీగ రేడియోకు ఏరియల్‌లా పనిచేసి ఆ పాటలన్నీ లోపలికి లాగుతుంది. మోడెమ్ ఆ పాయను, దాని ఇరుగుపొరుగును వదిలేసి మిగతావాటితో సరిపెట్టుకుంటుంది.

ఇక మార్జిన్ సంగతి. పాలు కాచేటప్పుడు గిన్నె అంచు దాకా పోయము కదా, పొంగితే నిలవడానికి కొంత జాగా వదులుతాం. మార్జిన్ అంటే ఆ జాగాయే. ఇప్పుడున్న గోలకు ఎన్ని బిట్లు పడతాయో అన్నీ ఎక్కించకుండా, గోల ఇంకొంచెం పెరిగినా తట్టుకునేలా తక్కువ ఎక్కిస్తారు. మామూలుగా ఆ జాగా 6 డెసిబెల్లు. దాన్ని మరో 3 పెంచితే ప్రతి పాయకూ ఇంచుమించు ఒక బిట్టు తగ్గుతుంది. నాలుగు వందల పాయలు పనిచేసే లైను అనుకుంటే, నాలుగు వందలు ఇంటూ నాలుగు వేలు, సెకనుకు పదహారు లక్షల బిట్లు పోయినట్టు. మూడు డెసిబెల్ల నిలకడకు కట్టే ధర అది.

అంటే 13 డెసిబెల్ల జాగా ఉన్న లైను ఇంకా ఎక్కువ పాలు పట్టే గిన్నె. అయినా 28 దగ్గర ఆగిపోయిందంటే తీగకు చేతకాక కాదు, ఎవరో చేయి పట్టుకుని ఆపుతున్నారు.

ఆ ఎవరో ఎవరని అబ్బాయి అడిగాడు. మనిషి కాదు, డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్ అన్నాను.

హైదరాబాద్‌లో 2005, 2006 ప్రాంతంలో ఆ పని మనుషులం చేసేవాళ్ళం. 2004 నాటి ప్రభుత్వ విధానంలో 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. (ఇప్పుడు ఆ కనీసం 2 మెగాబిట్లు, 2023లో మార్చారు.) అడిక్‌మెట్ వైపు ఒక విశ్రాంత సంస్కృత ఉపన్యాసకుడు ఉండేవారు. ఎక్స్‌చేంజి నుంచి వాళ్ళ ఇంటికి తీగ నాలుగున్నర కిలోమీటర్లు. ఆయన 2 మెగాబిట్ల పథకం తీసుకున్నారు. తీగ రెండు ఇవ్వగలిగేది, కానీ ఒళ్ళంతా బిగబట్టి ఇచ్చేది. పక్కింట్లో లిఫ్టు కదిలినా తెగేది. రోజుకు పదిసార్లు తెగుతోందని ఆయన ఫిర్యాదు. లైన్‌మన్ పోయి వీధిలో తీగలు పంచే డీపీ పెట్టె దగ్గర కొసలు శుభ్రం చేసి వచ్చాడు, అక్కడి నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు మార్చాడు, ఇంట్లో మాటనూ డేటానూ వేరుచేసే స్ప్లిటర్ లేకుండా కలిపిన రెండో ఫోను కనిపెట్టి పీకేశాడు. అయినా తెగుతూనే ఉంది. అప్పుడు నేను తెర ముందు కూర్చుని ఆయన లైనును రెండు నుంచి ఒకటికి దించాను. జాగా ఇంచుమించు ఐదు డెసిబెల్లు పెరిగింది. లైను తెగడం ఆగింది.

మర్నాడు ఆయన స్వయంగా వచ్చారు. "అమ్మా, నేను రెండుకు డబ్బు కట్టాను, మీరు ఒకటి ఇస్తున్నారు. ఇది ఏ శాస్త్రంలో ఉంది?" అని అడిగారు. నేను పథకం మార్చి బిల్లు తగ్గించాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన నుంచి ఫిర్యాదు రాలేదు. దసరాకు మాత్రం మామిడాకులు పంపేవారు.

లీడ్స్‌లో ఆ కుర్చీలో మనిషి లేడు, ఒక ప్రోగ్రాం ఉంది. అది లక్షల లైన్లను కనిపెట్టుకుని ఉంటుంది. ఒక్కో లైనులో ఎన్ని సెకన్లలో తప్పులు దొర్లాయి, ఎన్నిసార్లు మోడెమ్ మొదటి నుంచీ జత కట్టవలసి వచ్చింది, ఎంతసేపు నిలిచింది, ఇవి రాసుకుంటుంది. రోజుకు ఒకసారి ఆ పద్దు తిరగేస్తుంది. లెక్క హద్దు దాటితే లైను మీద చేయి వేస్తుంది. ఆ చేయి మూడు రకాలుగా పడవచ్చు. మార్జిన్ పెంచవచ్చు. నేను ఉపన్యాసకుడి గారికి చేసినట్టు వేగానికే పైకప్పు వేయవచ్చు. లేదా డేటాను పొరలు పొరలుగా కలిపి పంపవచ్చు.

మూడోదాన్ని ఇంటర్‌లీవింగ్ అంటారు. తపాలా, టెలిఫోన్లు ఒకే శాఖగా ఉన్న రోజులు తెలిసినదాన్ని కనుక నాకు ఇది కార్డులతోనే అర్థమవుతుంది. పది వాక్యాలు పంపాలి. వాక్యానికో కార్డు రాస్తే, ఒక కార్డు వానలో తడిసిందంటే ఒక వాక్యం మొత్తం గల్లంతు. అలా కాక ప్రతి కార్డు మీదా ప్రతి వాక్యం నుంచీ ఒక్కో మాట రాస్తే, కార్డు పోయినా ప్రతి వాక్యంలోనూ ఒక్క మాటే పోతుంది. దాన్ని మిగతా మాటలను బట్టి పూరించుకోవచ్చు. కాకపోతే పది కార్డులూ అందే దాకా మొదటి వాక్యం చదవడానికి వీలులేదు. లైనులో ఆ ఎదురుచూపు ఎనిమిది, పదహారు మిల్లీసెకన్లు ఉంటుంది. సినిమా చూసేవారికి అది తెలియదు. ఆటలు ఆడేవారు గగ్గోలు పెడతారు. మా వాడు ఆటలాడడు కనుక దాని మీద నేను కన్నీరు కార్చలేదు.

"అంటే మంచిదేగా అది?" అన్నాడు అబ్బాయి.

మంచిదే. అది లేకపోతే తెగే లైన్లు తెగుతూనే ఉంటాయి. కానీ నాకు దానితో ఒక పేచీ ఉంది. అది లెక్కపెడుతుంది, అడగదు. మా లైన్‌మన్ ఇంటికి వెళ్ళి "అమ్మా, ఈ మధ్య కొత్తగా ఏమైనా కొన్నారా? పక్కింట్లో బోరు వేశారా?" అని అడిగేవాడు. ఆ ప్రోగ్రాంకు జ్వరం కనిపిస్తుంది కానీ రోగి ఏం తిన్నాడో కనిపించదు. జ్వరం దిగే దాకా పస్తు పెడుతుంది.

పైగా మా వాడు రోజూ దానికి అబద్ధపు సాక్ష్యం ఇస్తున్నాడు.

"రోజుకు ఎన్నిసార్లు రౌటర్ ఆపుతావు?"

"సాయంత్రం రెండు మూడు సార్లు. రాత్రి పడుకునేటప్పుడు ఎలాగూ ఆపేస్తాను, కరెంటు దండుగ కదా అమ్మా."

దండుగట. రౌటర్ తినేది పది వాట్లు అనుకుందాం. రాత్రికి ఎనిమిది గంటలు ఆపితే ఏడాదికి మిగిలేది ముప్పై యూనిట్లు కూడా కాదు. నేను నేర్పిన పొదుపే, ఎవరిని అనగలను? కొన్ని మోడెమ్‌లు కరెంటు పోగానే లోపల మిగిలిన కాస్త శక్తితో "నాకు కరెంటు పోయింది, లైను తప్పు కాదు" అని ఒక కబురు పంపి ఆరిపోతాయి. ఇంజినీర్లు దానికి పెట్టిన పేరు చివరి ఊపిరి. ఆ కబురు అందితే అవతల దాన్ని తప్పుగా రాసుకోరు. మా వాడు మాత్రం బద్ధకించిన రోజుల్లో మీట నొక్కకుండా ఫోను తీగ లాగి మళ్ళీ గుచ్చేవాడు. తీగ లాగితే కబురు చెప్పేదెవరు? అవతలి పద్దులో ప్రతి లాగుడూ ఒక తెగుడే. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు అక్కడి సంస్థలు మొదటి పది రోజులు లైను కుదురుకుంటుంది, ఆపకండి అని చెప్పడం మామూలే. మా వాడు ఆ కాగితం చదవకుండా పక్కన పెట్టానని ఒప్పుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి ఆ రౌటర్ జోలికి వెళ్ళవద్దు" అన్నాను. "తెగితే తెగనీ. దానంతట అదే కలవాలి."

సరే, అబద్ధపు సాక్ష్యాలు ఆగాయి. కానీ అసలు తప్పులు ఎక్కడివి? వాడు సాయంత్రం రౌటర్ ఆపడం మొదలుపెట్టింది లైను ఇబ్బంది పెడుతున్నందుకే కదా.

ఇక్కడ నేను గొప్పగా పప్పులో కాలేశాను. చీకటి పడగానే మొదలవుతోంది అన్నారు. అది వినగానే నాకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. పగటి వేళ ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్ రేడియో తరంగాలను మింగేస్తుంది. సూర్యుడు అస్తమించగానే ఆ పొర పలచబడిపోతుంది. ఎక్కడెక్కడి స్టేషన్లూ పై పొరలకు తగిలి కిందికి దిగుతాయి. చిన్నప్పుడు రాత్రిపూట ట్రాన్సిస్టర్ తిప్పితే తెలియని భాషలు వినబడడానికి కారణం అదే. రాగి తీగకూ ఆ స్టేషన్లన్నీ వినబడతాయి. అందుకే మధ్యాహ్నం 6 డెసిబెల్ల జాగాతో జత కట్టిన లైనుకు రాత్రి అంత మిగలదు. మా ఎక్స్‌చేంజిలో ఇలాంటి రాత్రి జ్వరాలు చాలా చూశాను. నవంబరులో ఇంగ్లండులో నాలుగుంపావుకే చీకటి పడుతుంది. ఇంకేం కావాలి? వాడికి అరగంట పాఠం చెప్పాను. ఆకాశం మీద బొమ్మలు గీసి పంపాను. "దీనికి మనం చేయగలిగింది లేదు, చలికాలం పోనీ" అని తీర్పు కూడా ఇచ్చాను.

నా తీర్పును కొట్టేసింది కోడలు. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, "అత్తయ్యా, మోడెమ్ పేజీలో మీరు చెప్పిన తప్పుల అంకెను గంటకోసారి రాసుకున్నాను" అంది. ఆ పిల్ల పట్టిక పంపింది. పట్టిక చూసి సిగ్గుపడ్డాను. రేడియో చీకటి అయితే తప్పులు మెల్లగా పెరిగి, రాత్రంతా ఉండి, తెల్లవారుతుంటే మెల్లగా తగ్గాలి. ఈ పట్టికలో సాయంత్రం నాలుగుకు సున్నాకు దగ్గరగా ఉన్నవి, అయిదుకల్లా వందలు. రాత్రి పదిన్నర దాటగానే మళ్ళీ దాదాపు సున్నా. ఆకాశానికి గడియారం చూసుకునే అలవాటు లేదు. ఇది మీట నొక్కిన మనిషి పని. ఉదయం ఏడూ నలభైకి కూడా ఒక చిన్న మిట్ట ఉంది, మూడు నాలుగు నిమిషాలది.

"ఇంట్లో బ్యాటరీ రేడియో ఉందా?" అన్నాను.

అబ్బాయి నవ్వాడు. ఈ కాలంలో రేడియోతో బ్రాడ్‌బ్యాండ్ బాగుచేస్తావా అన్నాడు. అప్పుడు వాడికి బ్రిటన్‌లోనే జరిగిన ఒక ఊరి కథ చెప్పాను. వేల్స్‌లో ఆబర్‌హోసన్ అని చిన్న పల్లె. పద్దెనిమిది నెలల పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరంతటికీ ఇంటర్నెట్ పడిపోయేది. ఇంజినీర్లు కేబుళ్ళు మార్చారు, అయినా పోలేదు. చివరికి వానలో ఉదయం ఆరింటి నుంచి రేడియో గోలను కొలిచే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని వీధులన్నీ తిరిగితే, ఒక ఇంట్లో పాత టీవీ దొరికింది. ఇంటివారు రోజూ ఏడింటికి దాన్ని పెట్టేవారు. పెట్టిన క్షణంలో అది వెదజల్లే విద్యుత్ చప్పుడు ఊరి లైన్లన్నిటినీ ముంచేది. 2020లో బయటపడింది ఈ కథ. పాపం, ఆ ఇంటివారు తెలియగానే ఇంకెప్పుడూ పెట్టబోమని ఒప్పుకున్నారు. లైన్లు చూసుకునే ప్రోగ్రాం ఎంత పెద్దదైనా, ఆ టీవీ దగ్గరికి వానలో నడిచి వెళ్ళినవి మనిషి కాళ్ళే.

మనకు స్పెక్ట్రమ్ ఎనలైజర్ అక్కరలేదు. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ముల్లు ఆపి, రేడియో పట్టుకుని ఇల్లంతా తిరిగితే చాలు. బర్రుమనే చోట దొంగ ఉన్నాడు. అబ్బాయి ఎక్కడో సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఒక రేడియో కొని తెచ్చాడు.

మొదట ఉదయం దొంగ దొరికాడు. మిక్సీ. పిల్లకు ఇడ్లీలోకి చట్నీ వేస్తుంటే రేడియో చెవులు బద్దలయ్యేలా అరిచింది. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తాయి కదా, అదే చప్పుడు. మా ఇంటి మిక్సీయే అది, పెళ్ళయిన కొత్తలో సూట్‌కేసులో నేనే పెట్టి పంపాను. అక్కడా 230 వోల్టులే కనుక దర్జాగా తిరుగుతోంది. కానీ మూడు నిమిషాల చట్నీకి లైను నెల రోజుల శిక్ష పడదు. దాన్ని మోడెమ్ ఉన్న గోడకు దూరంగా ఇంకో ప్లగ్గుకు మార్చమని చెప్పి వదిలేశాను.

సాయంత్రం దొంగ కోసం వీడియో కాల్‌లోనే వెతికాం. వాడి చేతిలో ఫోను, కోడలి చేతిలో రేడియో, వెనక మనవరాలు ఊరేగింపులా. వంటింట్లో ఫ్రిజ్ దగ్గర కాస్త గొణిగింది. టీవీ దగ్గర ఏమీ లేదు. మెట్ల కింద మోడెమ్ దగ్గరికి వస్తుంటే చప్పుడు పెరిగింది, దాన్ని దాటి పక్కకు జరిగితే ఇంకా పెరిగింది. అక్కడ దేవుడి గూడు. కోడలు రేడియోను గూటి దగ్గర పెట్టేసరికి తుమ్మెదల గుంపు లేచినట్టయింది.

గూటి చుట్టూ చిన్న చిన్న రంగు దీపాల తోరణం మిలమిలలాడుతోంది. దీపావళి నాడు కట్టారు. పిల్ల ముచ్చటపడుతోందని తీయలేదు. రోజూ చీకటి పడగానే పెట్టడం, పడుకోబోయే ముందు ఆపడం. దాని అడాప్టర్ మోడెమ్ అడాప్టర్‌తో పాటు ఒకే బోర్డులో గుచ్చి ఉంది.

"అది తీసి చూడు" అన్నాను. తీసింది. రేడియో నిశ్శబ్దమైపోయింది. పెట్టింది. బర్ర్.

నేను కాసేపు మాట్లాడలేదు. ఆ తోరణం కోఠీలో నేనే కొన్నాను. నూట ఎనభై చెప్తే నూట పదికి బేరమాడి, రెండు తీసుకుని, ఒకటి ఇక్కడ కిటికీకి కట్టి, రెండోది సెప్టెంబరులో లీడ్స్ వెళ్తున్న పక్క ఫ్లాటు వారి చేత పంపాను. నూట పది రూపాయల వస్తువు అడాప్టర్‌లో చప్పుడును ఆపే ఫిల్టర్ పెట్టే దాత ఎవరుంటారు? దీపాలు తిన్నగానే వెలుగుతాయి, లోపలి చవక సర్క్యూట్ మాత్రం సెకనుకు వేలసార్లు గిలకొట్టుకుంటూ పక్క తీగలన్నిటికీ ఆ గోల అంటిస్తుంది.

"మీరు ఎంత ప్రేమగా పంపారో అత్తయ్యా" అంది కోడలు. అబ్బాయి మాత్రం గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. ఆకాశంలో పొర అన్నావు కదమ్మా అన్నాడు. అన్నాను. ఏం చేస్తాం.

తోరణం తీసేసిన సాయంత్రం తప్పులు ఆగిపోయాయి. వేగం మాత్రం 28 దగ్గరే ఉంది. వాడికి మళ్ళీ చేతులు దురద పెట్టాయి. ఆపి పెడితే పెరుగుతుందేమో కదా అని నాలుగో రోజు ఒకసారి, ఆరో రోజు ఒకసారి అడిగాడు. పెరగదురా. పైకప్పు ఉన్నది మోడెమ్‌లో కాదు, అవతలి పద్దులో. నువ్వు ఆపితే దానికి కనబడేది ఇంకో తెగుడు. పద్దు తుడిపించే మార్గం ఉంటుంది, అవతలి ఇంజినీరు తలచుకుంటే. కానీ కారణం తీయకుండా తుడిపిస్తే పది రోజుల్లో మళ్ళీ అదే చోటికి వస్తుంది. కారణం తీశాక అది మెల్లగా తనే వదులుతుంది. శిక్ష వేయడానికి ఒక్క రోజు చాలు దానికి. క్షమించడానికి వారాలు కావాలి. మా పాత డివిజనల్ ఇంజినీరు ఒకరు అచ్చం ఇలాగే ఉండేవారు.

పదకొండో రోజు ఉదయం లైను తనంతట తానే ఒకసారి తెగి కలిసింది. వేగం 36. అబ్బాయి ఆఫీసు నుంచి ఫొటో పంపాడు. ఇంకో పదహారు రోజులకు 41. మిగిలిన మూడు మెగాబిట్లు ఏమయ్యాయని వాడు ఇప్పటికీ అడుగుతాడు. అదే పెట్టెలో పక్కింటివాళ్ళ జంటలు కూడా కొత్తగా చేరి ఉండవచ్చు, ఒక జంట గోల ఇంకో జంటకు అంటుకోవడం రాగికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. నలభై ఒకటితో పులి కథ హాయిగా నడుస్తుంది. దాన్ని కదిలించవద్దన్నాను.

మా ఇంట్లో ఇప్పుడు గాజు తీగ. దానిలో నడిచేది వెలుతురు, మిక్సీ తిప్పినా ఆకాశవాణి పాడినా దానికి పట్టదు. పాయలు లేవు, మార్జిన్ పటం లేదు. మోడెమ్ పేజీలో చూసుకోవడానికి అందే వెలుతురు బలం ఒక్కటే అంకె, మా ఇంట్లో మైనస్ 21 ఉంటుంది, మైనస్ 27 దాటి కిందికి పోతే తంటా. ఇది తెగిందంటే స్తంభం మీద కోతి గానీ, రోడ్డు తవ్వే యంత్రం గానీ కారణం, దానికి ఏ ప్రోగ్రామూ ఏమీ చేయలేదు. ఫోను చేస్తే కుర్రాడు బండి మీద నిచ్చెన వేసుకుని వస్తాడు. వచ్చి మొదట "రౌటర్ ఒకసారి ఆపి పెట్టండి మేడం" అంటాడు. వాడిని ఏమీ అనను, గాజుకు అది చెల్లుతుంది.

మనవరాలు మాత్రం దీపాలు కావాలని పేచీ పెట్టింది. వాళ్ళమ్మ నూనె దీపం వెలిగిస్తే ఇంట్లో పొగ గంట మోగిందట. చివరికి బ్యాటరీతో వెలిగే తోరణం ఒకటి కొన్నారు, కొనే ముందు కోడలు రేడియో తీసుకువెళ్ళి దుకాణంలోనే పరీక్షించిందని విని నాకు కడుపు నిండిపోయింది.

నేనూ ఊరుకోలేదు. సంక్రాంతి ముందు పాత ట్రాన్సిస్టర్‌కు కొత్త సెల్లులు వేసి, సంచిలో పెట్టుకుని కోఠీ వెళ్ళాను. అదే దుకాణం, అదే మనిషి. ఒక్కొక్క తోరణం వెలిగించమని, రేడియో దాని పక్కన పెట్టి, చెవి ఆనించి విన్నాను. మొదటిది బర్రుమంది. రెండోది బర్రుమంది. మూడోదాని దగ్గర కళ్ళు మూసుకుని వింటున్నాను. దుకాణదారు ఓపిగ్గా చూసి, కౌంటరు మీదికి వంగి అడిగాడు:

"స్కోరు ఎంతయిందమ్మా?"